ఊరు అలవాటయ్యాక తీసిన ఫోటోలు: పద్నాలుగు నెలల కేస్ స్టడీ

ఈ ఊరికి వచ్చిన మొదటి మూడు నెలల్లో నాలుగు వేల పైచిలుకు ఫోటోలు తీశాను. పద్నాలుగు నెలల తర్వాత ఊరి గ్రంథాలయం వరండాలో 48 ఫోటోలు ప్రదర్శనకు పెట్టినప్పుడు, ఆ నాలుగు వేల నుంచి నిలిచినవి రెండే రెండు. మిగతా 46 ఆ తర్వాతి పదకొండు నెలలవి. ఇంత తేడా ఎందుకు వచ్చిందో, మధ్యలో ఏమి మార్చానో, ఎక్కడ తప్పు చేశానో వివరంగా రాస్తున్నాను. కొత్త ఊరికి వెళ్ళి, ఆ ఊరి మీద మనసుపడి, కెమెరా పట్టుకుని బయలుదేరేవారికి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

వృత్తిరీత్యా నేను ఫోటోగ్రాఫర్‌ని. పన్నెండేళ్ళుగా భవనాలు, వస్తువులు, సంస్థల వార్షిక నివేదికలకు కావలసిన ఫోటోలు తీసి ఇస్తున్నాను. అడిగినది తీసి ఇవ్వడమే నా పని. ఎవరూ అడగనిదాన్ని తీయడం ఇక్కడికి వచ్చాకే మొదలైంది. మా వారి ఉద్యోగ బదిలీ మీద వచ్చాం. సామాను దించిన రోజు వాన. సందు చివరింటి పెద్దాయన పిలవకుండానే గొడుగు తెచ్చి పట్టారు, నా మీద కాదు, పుస్తకాల పెట్టెల మీద. లారీ ఖాళీ అయ్యేదాకా తాను తడుస్తూ అలాగే నిలబడ్డారు. ఆ రోజే ఈ ఊరు నాదైపోయింది. కెమెరా ఏ పెట్టెలో ఉందో వెతికి తీసేసరికి ఆయన వెళ్ళిపోయారు. ఆ ఫోటో నా దగ్గర లేదు. ఈ పనంతటికీ మూలం మాత్రం ఆ తీయని ఫోటోనే.

ఆశ్చర్యాన్ని తీశాను

మొదటి మూడు నెలలూ రోజూ తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయటికి వెళ్ళేదాన్ని. 70–200 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ భుజానికి వేలాడుతూ ఉండేది. రంగు వెలిసిన తలుపులు, వంతెన మెట్ల మీద పొడవుగా సాగిన నీడలు, వాననీటి గుంటలో తలకిందులైన దీపస్తంభం, గోడ మీద ఒళ్ళు విరుచుకునే పిల్లి. కంటికి కొత్తగా కనిపించినదల్లా తీశాను. వాటిలో ముప్పై ఏరి పెద్దాయనకు చూపించాను. కళ్ళజోడు సవరించుకుంటూ ఒక్కొక్కటీ చూసి, "మా ఊరు ఇంత బాగుంటుందా అమ్మాయ్? ఇది ఎక్కడ?" అని అడిగారు.

ఆ మాటకు ఆ రోజు పొంగిపోయాను. వారం తిరిగేసరికి అదే మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆయన అరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. ఆయనే "ఇది ఎక్కడ" అని అడగాల్సి వచ్చిందంటే నేను తీసినది ఆయన ఊరిని కాదు, ఆ ఊరిని చూసి నాకు కలిగిన ఆశ్చర్యాన్ని.

నాలుగు వేల ఫోటోలనూ తపాలా బిళ్ళలంత చిన్నవి చేసి, కాంటాక్ట్ షీట్లుగా పరిచి చూశాను. విడివిడిగా చూస్తున్నప్పుడు దాగి ఉండే అలవాట్లు ఇలా గుంపుగా చూస్తే బయటపడతాయి. మూడు విషయాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. మొదటిది వేళ. దాదాపు అన్నీ సూర్యోదయం తర్వాతి గంటలోనో, సూర్యాస్తమయానికి ముందు గంటలోనో తీసినవే. ఎండ వాలుగా పడి, రంగు వెచ్చబడి, నీడలు మెత్తబడే ఆ సమయమంటే ఫోటోగ్రాఫర్లందరికీ ప్రాణం. కానీ ఊరు తన పనిలో మునిగి ఉండేది పొద్దున పదకొండుకు, మధ్యాహ్నం మూడుకు. ఆ వేళకు నేను ఇంట్లో కూర్చుని ఉదయపు ఫోటోలకు మెరుగులు దిద్దుకుంటున్నాను.

రెండోది దూరం. వీధి అవతలి నుంచి జూమ్‌తో తీయడం వల్ల మనుషుల వీపులే ఎక్కువగా వచ్చాయి. నాలుగు వేల ఫోటోల్లో నా వైపు చూసిన ముఖం ఒక్కటీ లేదు. మూడోది నాకు బాగా ఇష్టమైన అలవాటు కాబట్టి ఒప్పుకోవడానికి కష్టమైంది. అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్/2.8 దాకా తెరిచి, మనిషి వెనక ఉన్నదంతా మసకబార్చేదాన్ని. ముఖం చక్కగా విడిపడి కనిపిస్తుంది, చూసినవారు మెచ్చుకుంటారు. కానీ ఆ మసకలో మాయమైపోయినది ఊరే.

ముందు నడిచినవారు

దిక్కుతోచక కొన్నాళ్ళు కెమెరా పక్కన పెట్టి, తాము పుట్టని ఊళ్ళను ఏళ్ళ తరబడి ఫోటోలు తీసినవారి గురించి చదివాను. యూజీన్ అట్జే 1857లో ఫ్రాన్స్‌లోని లిబూర్న్‌లో పుట్టారు. నాటకాల్లో నటుడిగా కొంతకాలం పనిచేసి, పారిస్‌లో స్థిరపడి, 1927లో చనిపోయేదాకా సుమారు మూడు దశాబ్దాలు ఆ నగరపు దుకాణాల ముంగిళ్ళను, తలుపులను, మెట్లను, వీధుల్లో తిరిగి అమ్ముకునేవారిని తీశారు. మోయలేనంత బరువైన చెక్క కెమెరా, 18×24 సెంటీమీటర్ల గాజు పలకలు. ఒకసారి తీసిన చోటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. వెళ్ళిన చోటికే వెళ్ళడం ఊహ అడుగంటిపోవడం వల్ల కాదని, అదొక పద్ధతని నాకు మొదట ఆయన దగ్గరే తెలిసింది.

నన్ను అంతకంటే ఎక్కువగా పట్టుకున్నది మిల్టన్ రొగోవిన్. 1909లో న్యూయార్క్‌లో పుట్టి, కళ్ళు పరీక్షించి అద్దాలు రాసే వృత్తి మీద 1938లో బఫలో నగరానికి వెళ్ళారు. అక్కడి లోయర్ వెస్ట్ సైడ్‌లో కొద్దిపాటి వీధుల్లోని మనుషులను 1970లలో ఫోటో తీశారు. వారినే వెతుక్కుంటూ 1980లలో, 1990లలో, ఆ తర్వాత 2000 ప్రాంతంలో మళ్ళీ వెళ్ళారు. వెళ్ళిన ప్రతిసారీ పాత ఫోటోల ప్రింట్లు వారి చేతుల్లో పెట్టారు. ఒకే మనిషి పిల్లవాడిగా, తండ్రిగా, తాతగా పక్కపక్కన కనిపించే ఆ వరుసలను చూశాక, ప్రింటు ఇవ్వడం మర్యాద కోసం చేసే పని కాదని, అది ఫోటో తీసే పనిలోనే ఒక భాగమని నాకు తోచింది.

మూడోది హెచ్చరిక. డబ్ల్యూ. యూజీన్ స్మిత్ 1955లో మూడు వారాల పని మీద అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్ళారు. అడిగినది సుమారు వంద ఫోటోలు. ఆ నగరం ఆయనను వదల్లేదు. సుమారు 17,000 నెగటివ్‌లు పోగుపడ్డాయి, తాను కోరుకున్న రూపంలో ఆ పని చివరిదాకా పూర్తి కాలేదు. ప్రేమ ఎక్కువైతే ఫోటోలు ఎక్కువవుతాయి, ఏరుకోవడం కష్టమవుతుంది. అందుకని మొదలుపెట్టేటప్పుడే నాకు నేను ఒక గడువు, ఒక సంఖ్య పెట్టుకున్నాను: మరో పదకొండు నెలలు, యాభైకి మించని ఫోటోలు.

ఒక లెన్స్, మూడు చోట్లు

జూమ్ లెన్స్‌ను పెట్టెలో పెట్టేసి 35 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటే ఉంచుకున్నాను. దీనితో మనిషి నిండుగా కనిపించాలంటే రెండు మూడు మీటర్ల దూరంలోకి వెళ్ళక తప్పదు. అంత దగ్గరికి వెళ్ళాక పలకరించకుండా ఉండలేం. దాక్కోవడానికి వీలివ్వని లెన్స్ అది, నాకు కావలసిందీ అదే. మనిషితో పాటు అతని చుట్టూ ఉన్న బెంచీ, గోడ, గడియారం కూడా ఫ్రేములోకి వస్తాయి.

ఊరంతా తిరగడం మానేశాను. వంతెన దిగువన ఉన్న బస్‌స్టాపు, ఒక టైలరు గది, మా సందు: ఈ మూడు చోట్లే ఎంచుకున్నాను. వారానికి రెండుసార్లు ఒక్కో చోటికి, పొద్దున పదికీ సాయంత్రం నాలుగుకీ మధ్య వెళ్ళాలి. వెళ్ళాక మొదటి ఇరవై నిమిషాలు కెమెరా సంచిలోనే ఉండాలి. చేతిలో నోటుపుస్తకం మాత్రమే.

ఆ నోటుపుస్తకంలో రెండో వారం రాసుకున్న ఒక వాక్యం: "11:10. నల్ల సంచి ఆయన లేచి నిలబడ్డారు. బస్సు ఇంకా కనిపించడం లేదు. ఎలా తెలిసింది?" మర్నాడు గమనిస్తే ఆయన ఒక్కరే కాదు, ఆ స్టాపులో రోజూ ఎక్కేవారంతా బస్సు కనిపించక ముందే లేస్తున్నారు. కొత్తగా వచ్చినవారు మాత్రం మెడ చాచి రోడ్డు వైపు చూస్తున్నారు. మూడో వారంలో గుట్టు నాకూ వినిపించింది. వంతెన ఎక్కేటప్పుడు బస్సు గేరు మారుతుంది. ఆ మూలుగు వినిపించిన అర నిమిషానికి బస్సు మలుపు తిరుగుతుంది. ఊరివారు చూడటం లేదు, వింటున్నారు.

అప్పటి నుంచి నేనూ చెవితోనే ఫోటో తీయడం మొదలుపెట్టాను. ఆ చప్పుడు రాగానే కెమెరా కంటికి ఆనిస్తాను. బెంచీ మీది ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు లేస్తారు: ఒకరు సంచి పట్టీ భుజం మీదికి సర్దుకుంటూ, ఒకరు చదువుతున్న పేజీ మధ్యలో వేలు ఉంచుకుని, ఒకావిడ పక్కన కునుకు తీస్తున్న పిల్లవాడి చెయ్యి పట్టుకుని. సగం లేచిన ఆ భంగిమ అర సెకను కూడా ఉండదు. ఎనిమిది వారాల్లో పదిహేను సార్లు ప్రయత్నిస్తే పదహారో సారి ఐదుగురూ ఐదు ఎత్తుల్లో దొరికారు. ప్రదర్శనలో మొదటి ఫోటో అదే. కొత్త ఊళ్ళో మొదటి నెలలో ఎంత తిరిగినా ఆ ఫోటో నాకు దొరికేది కాదు, ఎందుకంటే అప్పటికి ఆ చప్పుడు నాకు వట్టి చప్పుడే.

కెమెరా అమరిక గురించి. ఇలాంటి చోట ఆటోఫోకస్ మీద ఆధారపడితే అది ఎవరి ముఖాన్ని ఎంచుకోవాలో తేల్చుకునేలోగా క్షణం దాటిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ (35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సర్ ఉన్న) కెమెరా మీద 35 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర పెట్టి, ఫోకస్‌ను చేత్తో మూడు మీటర్లకు తిప్పి వదిలేస్తే, సుమారు 1.9 మీటర్ల నుంచి 7.3 మీటర్ల దాకా ఉన్నదంతా తగినంత స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ గురించి మరచిపోవచ్చు. షటర్ వేగం 1/250 సెకనుకు తగ్గనివ్వలేదు. నడిచే మనిషికి అది చాలు, పరుగెత్తే పిల్లలకు 1/500 కావాలి. ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకెను) కెమెరాకే వదిలేశాను. ఫోటోలో ఇసుక చల్లినట్టు కాస్త రేణువు కనిపిస్తే నాకేమీ ఇబ్బంది లేదు. ముఖ్యమైన చెయ్యి కదిలిపోయి మసకబారితే మాత్రం దాన్ని ఏ ఎడిటింగూ బాగుచేయదు.

నడిమధ్యాహ్నపు ఎండ అంటే నాకున్న భయం కూడా ఈ బస్‌స్టాపులోనే పోయింది. పైకప్పు కింద మనుషులు నీడలో ఉంటారు, వెనక రోడ్డు భగ్గుమంటూ ఉంటుంది. రెండింటి మధ్య వెలుగులో మూడు నాలుగు స్టాపుల తేడా (ఫోటోగ్రఫీలో ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). కొన్ని రోజులు చూశాక, ఎదురుగా ఉన్న సున్నం వేసిన గోడ మీద ఎండ పడే వేళకు ఆ వెలుగు తిరిగి స్టాపులోకి వచ్చి ముఖాల మీద మెత్తగా పరచుకుంటోందని గమనించాను. స్టూడియోలో తెల్ల గుడ్డ కట్టి చేసే పనిని అక్కడ ఒక గోడ ఉచితంగా చేస్తోంది. నేను వేళ మార్చుకుంటే సరిపోయింది. ఎక్స్‌పోజర్‌ను (కెమెరాలోకి రానిచ్చే వెలుగును) ఎప్పుడూ రోడ్డు మీది వెలుగుకు దగ్గరగా ఉంచేదాన్ని. రా ఫైల్‌లో (కెమెరా నమోదు చేసిన ముడి ఫైల్) నీడలను తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. తెల్లగా కాలిపోయిన చోట తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

టైలరు చేతులు

టైలరు గదిలోకి అడుగుపెట్టడానికి నాకు ఐదు వారాలు పట్టింది. మొదట ఒక జాకెట్టు సవరణకు ఇచ్చాను, తర్వాత దిండు గలీబులు. కెమెరా సంగతి చెప్పినప్పుడు ఆవిడ, "నా పనికి అడ్డం రాకపోతే మీ ఇష్టం" అన్నారు. అదే మా ఒప్పందం.

మొదటి రోజే దెబ్బతిన్నాను. చప్పుడు కాకూడదని ఎలక్ట్రానిక్ షటర్ వాడాను. ఇంటికొచ్చి చూస్తే ఫోటోలన్నింటి మీదా అడ్డంగా నల్లటి పట్టీలు. నాలుగు గంటల పని మొత్తం పోయింది. కారణం ఆవిడ మిషను మీది ఎల్‌ఈడీ దీపం. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, 60 హెర్ట్జ్ అయితే 120 సార్లు. కంటికి తెలియదు. ఎలక్ట్రానిక్ షటర్ ఫ్రేమును పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది కాబట్టి ప్రతి మినుకూ ఒక పట్టీగా పడుతుంది. మర్నాటి నుంచి మామూలు షటర్‌కు మారి, వేగాన్ని 1/100కు, వీలైతే 1/50కి తెచ్చాను. పట్టీలు పోయాయి. వేగం తగ్గింది కాబట్టి, సూది దించాక చెయ్యి ఆగే క్షణం కోసం కాచుకోవడం నేర్చుకోవలసి వచ్చింది.

రంగు మరో చిక్కు. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు. కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు సుమారు 5,500 కెల్విన్‌లు, మేఘం పడితే ఇంకా నీలం. దీపం సుమారు 3,000, పసుపు. ఒకే ఫోటోలో సగం ముఖం నీలం, సగం పసుపు. దీపం ఆర్పమని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే సమస్యే. కానీ ఆ దీపం లేకపోతే ఆవిడకు సూదిలోకి దారం ఎక్కదు. దీపం ఆర్పించి తీసిన ఫోటో చక్కగా ఉంటుంది, అందులో ఆవిడ రోజు ఉండదు. వైట్ బ్యాలెన్స్‌ను (ఏ వెలుగులో తెలుపు తెల్లగా కనిపించాలో చెప్పే అమరికను) పగటి వెలుగుకు ఉంచి పసుపును పసుపుగానే వదిలేశాను. నా వృత్తిపని అయితే అలా వదిలేదాన్ని కాదు.

మొదటి ప్రింటు ఇచ్చిన రోజు బాగా గుర్తు. కిటికీ పక్కన కూర్చుని, మెడలో టేపు, మొహం మీద వాలుగా పడిన వెలుగు. మిషను ఆపి, జుట్టు సవరించుకుని, నా వైపు చూస్తూ దిగిన ఫోటో. నాకు బాగా నచ్చినది. ఆవిడ చూసి, అటు తిప్పి ఇటు తిప్పి, "నా మొహం ఎవరికి తెలియదమ్మా? ఇందులో నా చేతులేవి?" అన్నారు. నిజమే. ఒళ్ళో ఉన్న చేతులు ఫ్రేము అంచున తెగిపోయాయి.

మనం ఫోటో తీస్తాం, ఎదుటివారు ఫోటో దిగుతారు. ఆ రెండు మాటలకూ మధ్య ఇంకొకటి ఉంది, దానికి నాకు మాట దొరకలేదు: మనిషి తన పనిలో ఉండగా, నేను అక్కడ ఉన్నానని తెలిసి కూడా ఆ పనిలోనే ఉండిపోవడం. ఆ తర్వాత నెల రోజులు చేతులే తీశాను. ఎడమ చేతి మధ్యవేలికి సూదిపోటు తగలకుండా తొడుక్కునే లోహపు తొడుగు. దాని మీద ఏళ్ళ తరబడి సూదులు చేసిన సన్నటి గుంటలు. బొటనవేలి గోరు కింద నీలిరంగు సుద్ద. గుడ్డను కొలవడానికి టేపు తీసేముందు జానతో ఒకసారి కొలుచుకోవడం, ఆ తర్వాత టేపుతో సరిచూసుకోవడం. ఏడుసార్లు గమనించాను, ఏడుసార్లూ జాన లెక్కే సరిపోయింది. "మరి టేపెందుకండీ?" అని అడిగితే, "గుడ్డ మీది కాబట్టి" అన్నారు.

జానకూ టేపుకూ మధ్య ఉన్న ఆ క్షణం, పరచిన చెయ్యి ఇంకా గుడ్డ మీదే ఉండి రెండో చెయ్యి టేపు కోసం మెడ దగ్గరికి వెళ్ళే క్షణం, ప్రదర్శనలో 19వ ఫోటో. ఆవిడ ముఖం అందులో సగమే ఉంది. ఇప్పుడు మిషను పక్క గోడకు తగిలించుకున్నది ఆ ప్రింటునే.

తీయకూడని ఫోటో

ఇది రాయడం కష్టం. బస్‌స్టాపులో ఒక ఉదయం ఒకాయన సంచిని గుండెలకు హత్తుకుని నిద్రపోతున్నారు. గోడ మీది వెలుగు సరిగ్గా ముఖం మీద పడింది. ఆపుకోలేక మూడు ఫోటోలు తీశాను. అమరిక పరంగా అప్పటిదాకా తీసిన వాటిలో అదే మేలైనది. రెండు వారాల తర్వాత ఆయన మళ్ళీ కనిపిస్తే ప్రింటు ఇచ్చాను, సంతోషిస్తారనుకుని. చాలాసేపు చూశారు. "ఆ రోజు రాత్రంతా ఆసుపత్రిలో ఉండి వస్తున్నాను. నన్ను నేను ఇలా చూసుకోలేను. ఇది ఎవరికీ చూపించకండి" అన్నారు. ఆయన ముందే ఫోనులో నుంచి, ఇంటికొచ్చాక కంప్యూటర్ నుంచి, నకళ్ళ నుంచి తీసేశాను. ప్రింటు ఆయనకే ఇచ్చేశాను.

చట్టం దేశానికో తీరుగా ఉంటుంది. అమెరికాలో బహిరంగ స్థలంలో కనిపించేవారిని ఫోటో తీయడానికి సాధారణంగా అడ్డు లేదు. జర్మనీలో 1907 నాటి చట్టం ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప, మనిషి రూపాన్ని ప్రచురించాలంటే ఆ మనిషి సమ్మతి కావాలి. ఎవరి చోటి నియమం వారు ముందే తెలుసుకోవాలి. కానీ నేను ఉంటున్నది ఈ ఊళ్ళో. రేపూ ఎల్లుండీ ఆయన ఎదురుపడే మనిషి. యాత్రికుడికి లేని బాధ్యత ఇది, కొత్త ఊరిని సొంతం చేసుకున్నవారికి ఉన్న అదృష్టం కూడా ఇదే. ఆ రోజు నుంచి నిద్రలో, ఏడుపులో, నొప్పిలో ఉన్నవారిని తీయలేదు. పిల్లలను తీయాలంటే ముందు వారి పెద్దలను అడిగాను. ఎవరికి పంపినా, ఫోటో ఫైల్‌లో దాగి ఉండే జీపీఎస్ వివరాలను తీసేసి పంపాను, ఎందుకంటే ఆ అంకెలు చాలు, ఫలానా పిల్లవాడు ఫలానా చోట ఉంటాడని చెప్పడానికి.

సందులోకి వచ్చే వెలుగు

మా సందు తూర్పు నుంచి పడమరకు గీత గీసినట్టు ఉంటుంది. తూర్పు కొస తెరిచి ఉంటుంది, పడమటి కొసను పెద్దాయన ఇల్లు మూసేస్తుంది. మార్చి మూడో వారంలో ఒక ఉదయం, నా వేళ కాకపోయినా, నోటుపుస్తకంతో నిలబడి ఉన్నాను. సూర్యుడు సందు నడిమధ్యలో పైకి వచ్చాడు. వెలుగు రెండు వైపులా గోడలను ఒకేలా రాసుకుంటూ సందు పొడవునా పరుగెత్తి, పెద్దాయన తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్ళింది. కెమెరా సంచిలో ఉంది. ఇరవై నిమిషాల నియమం. నియమం తప్పనా వద్దా అని నేను తటపటాయిస్తుండగానే సూర్యుడు పైకెక్కి నేల మీది వెలుగు మామూలుదైపోయింది. మర్నాడు మబ్బు. నాలుగో రోజుకు వెలుగు ఒక పక్క గోడకు ఒరిగిపోయింది.

పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్ రోజుల్లో, అంటే మార్చి 20–21, సెప్టెంబరు 22–23 ప్రాంతాల్లో, భూమి మీద దాదాపు ఏ ఊళ్ళో చూసినా సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. ఆ రోజుల్లో ఉదయించే చోటు మారే వేగం కూడా ఎక్కువే: చాలా ఊళ్ళలో రోజుకు సుమారు 0.4 నుంచి 0.5 డిగ్రీ. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు కూడా సుమారు అర డిగ్రీయే. అంటే ప్రతి ఉదయం సూర్యుడు దాదాపు తన వెడల్పంత పక్కకు జరుగుతాడు. ఇరుకు సందులో ఆ అవకాశం నాలుగైదు రోజులే.

ఆరు నెలలు ఆగాను. సెప్టెంబరులో మొదటి మూడు రోజులూ మబ్బులు. నాలుగో రోజు తెల్లవారుజామునే ట్రైపాడ్ లేకుండా, చేతిలో కెమెరాతో సందు నడుమ మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాల నియమం ఆ రోజు పక్కన పెట్టాను, ఎందుకంటే చూడవలసినది ఆరు నెలలుగా చూస్తూనే ఉన్నాను. వెలుగు వచ్చింది. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళే ఒకాయన, బడి సంచులతో ఇద్దరు పిల్లలు, చివర తన గడపలో నిలబడి చేయి కళ్ళకు అడ్డం పెట్టుకున్న పెద్దాయన. ఎఫ్/8 కావడం వల్ల దగ్గరి సైకిలు చక్రం నుంచి ఆయన దాకా అందరినీ గుర్తుపట్టవచ్చు.

ఆయన దగ్గరికి వెళ్ళి, ఈ వెలుగు కోసం మార్చి నుంచి కాచుకున్నానని చెప్పాను. "వచ్చిందా మళ్ళీ?" అన్నారు మామూలుగా. "ఏడాదికి రెండుసార్లు మా వంటింటి గోడ దాకా వస్తుంది. చిన్నప్పుడు మా అమ్మ ఆ గోడ మీద మా నీడలు గీసేది." నేను దిక్సూచి పెట్టి, లెక్కలు వేసి కనుక్కున్నది ఆయనకు అరవై ఏళ్ళుగా తెలుసు. అడిగి ఉంటే మార్చిలోనే చెప్పేవారు.

ఏరడం

మొత్తం తొమ్మిది వేల చిల్లర ఫోటోల నుంచి నేను 140 దాకా దించగలిగాను. అక్కడ ఆగిపోయాను, స్మిత్ గుర్తొచ్చారు. 140నీ 4×6 అంగుళాల ప్రింట్లు వేయించి (అంగుళానికి 300 చుక్కల లెక్కన 1,200×1,800 పిక్సెల్‌లు చాలు) మా ముందుగదిలో నేల మీద పరిచాను. టైలరు గారిని, పెద్దాయనను, బస్‌స్టాపులోని నల్ల సంచి ఆయనను వేర్వేరు రోజుల్లో పిలిచాను. "బాగున్నవి చెప్పండి" అని అడగలేదు. అలా అడిగితే అందరూ సూర్యాస్తమయాన్నే చూపిస్తారు. "మన ఊరు కానివి తీసేయండి" అన్నాను. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు తీసేసిన వాటిలో నా నీటిగుంట దీపస్తంభం ఉంది, పిల్లి ఉంది, వంతెన నీడలు ఉన్నాయి. మొదటి మూడు నెలల నుంచి వారు ఉంచిన రెండింటిలోనూ మనుషుల చేతులో, పని ముట్లో ఉన్నాయి.

వరుస కూర్చడం, క్యాప్షన్లు రాయడం నా పని. క్యాప్షన్లో చోటు, వేళ, జరుగుతున్న పని మాత్రమే రాశాను. పొగడ్త మాట ఒక్కటీ పెట్టలేదు. ఫైళ్ళ సంగతి: మూడు నకళ్ళు, రెండు రకాల డిస్కుల మీద, ఒకటి వేరే ఇంట్లో.

ప్రదర్శన రోజు వచ్చినవారు ముఖాలను ఒక్క క్షణం చూసి, వెంటనే ఫ్రేము మూలల్లోకి వంగారు. "ఇదిగో మన బెంచీ." "ఈ గోడ అప్పుడు నీలం, ఇప్పుడు మార్చారు." "ఆ కొమ్మ వానకు విరిగింది కదా, ఇందులో ఉంది చూడు." వెనక ఉన్నదాన్ని మసకబార్చి ఉంటే వారికి చూసుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. ఎఫ్/8ను నేను ఫోకస్ కోసం ఎంచుకున్నాను. దాని అసలు ఉపయోగం ఆ వరండాలో నిలబడినప్పుడు తెలిసింది.

ప్రదర్శన ముగిశాక ప్రింట్లన్నీ అందులో ఉన్నవారికే ఇచ్చేశాను. సందు వెలుగు ఫోటోను పెద్దాయన వంటింట్లో, అమ్మగారు నీడలు గీసిన గోడకు తగిలించారు. నేరుగా ఎండ తగిలితే రంగు వెలుస్తుందని, పక్క గోడకు మార్చమని చెప్పాను. "ఏడాదికి రెండుసార్లే కదమ్మాయ్, రానీ" అన్నారు.